సాన పట్టేవాడి బుధవారం

కాస్తెలార్‌లో రైలుగేటు పడ్డప్పుడు
సైకిల్ మీంచి ఒక కాలు నేలకానించి
ప్లాస్టిక్ ఈలని పెదాల మీద
ఈ చివర్నించి ఆ చివరికి లాగుతాను.
అదే నా కేక. మాటల్లేవు దానికి.
మొదట కుక్కలు వింటాయి,
తర్వాత వంటిళ్లు.
మూడో వీధి ఎర్సీలియా మాత్రం
నేనొస్తే వానొస్తుందని తీగ మీది దుప్పట్లు తీసేస్తుంది.
పదిసార్లలో రెండుసార్లు ఆవిడ గెలుస్తుంది.
ఆ రెండే గుర్తుపెట్టుకుంటుంది.

మనుషుల్ని ముఖాలతో గుర్తుపట్టడం
నాకు ఆలస్యంగా అబ్బింది.
కత్తి చూపించండి, చెబుతాను.

ఓస్మార్ పిజ్జా చక్రానికి అంచంతా చీజు.
కడిగే తీరికెక్కడ వాడికి.
అక్కడ కుర్చీలుండవు, మోచేతులానించే పలక ఒక్కటే.
బ్యాంకు గుమాస్తా, ఇటుకల లారీవాడు పక్కపక్కనే నిలబడి
పిజ్జా మీద శనగపిండి రొట్టె బోర్లించి
కారే నూనెకి మెడలు ముందుకి సాచి తింటారు,
గాటి దగ్గర ఎడ్లలా, ఒకరినొకరు చూసుకోకుండా.
గోడ మీద సుద్దతో రాసిన ధర
మధ్యాహ్నానికి తుడిచి మళ్లీ రాస్తాడు.
ఎవరూ తలెత్తరు.

బేకరీ ఫ్రీదా ప్రతిసారీ రంపప్పళ్ల కత్తి తెస్తుంది.
దానికి సాన పట్టకూడదమ్మా అంటాను ప్రతిసారీ.
"మరి నువ్వెందుకు?" అని
నాకు అర్ధచంద్రం ప్రయోగిస్తుంది.
నిజం అర్ధచంద్రమే. నిన్నటిది, పాకం పూసింది,
రెండు, కాగితంలో చుట్టి.

బొలీవియా యూలోహియా డబ్బివ్వదు, గిన్నె ఇస్తుంది.
వేరుశనగ చారు, పైన వేయించిన బంగాళాదుంప పుల్లలు.
ఊదుకుంటూ తాగుతుంటే కళ్లద్దాలు మసకబారి
వీధంతా మాయమవుతుంది.
రెండు నిమిషాలు నేనెవడికీ దొరకను.

నేలిదా కొట్టు ముందు మాత్రం
ఈ మధ్య ఈల ఊదడం మానేశాను.
అన్సెల్మో పోయి ఏడు నెలలు.
ముప్ఫయ్యేళ్లు మిలనేసాకి మాంసం పలకలు కోసి కోసి
అతని కత్తి నడుం లోపలికి పోయింది,
వయసు మీదపడ్డ మనిషి బుగ్గలా.

ఇవాళ కూతురు గ్రిసెల్దా తనే వీధి దాటి వచ్చింది,
ఏప్రన్ కింద ఏదో దాచి.
"అమ్మ కునుకు తీస్తోంది, త్వరగా.
నాది పుర్రచెయ్యి. నాన్న కత్తి నా మాట వినదు.
ముక్క ఒకవైపు కాగితం, ఒకవైపు చెప్పు అట్ట.
కొనేవాళ్లు నవ్వుతున్నారు."

అలుగు మీద బొటనవేలు ఆనించాను.
ఉంది, అతని వాటం అక్కడే ఉంది.
కుడికి ఒరగడం, చివర్లో చిన్న విసురు,
భుజం నొప్పి మొదలైన ఏడు నేనే సర్దిచ్చిన కోణం.
నేను నేర్పిందే దీనికి.
ఇప్పుడు నేనే మరిపించాలి.

పెడల్ తొక్కాను. రాయి తిరిగింది.
రవ్వలు లేచి చొక్కా చేతి మీద చల్లారాయి.
ముప్ఫయ్యేళ్లు
చిటికెడు బూడిదరంగు పొడి.
నా బూటు మీద పడింది.

తలెత్తేసరికి గుమ్మంలో నేలిదా.
కునుకూ లేదు, గినుకూ లేదు.
వచ్చి కత్తి అందుకుంది. వెలుతురుకి పెట్టి చూసింది.
పిడి తిప్పి కూతురి ఎడమచేతిలో పెట్టింది.
"ఇక పలచగా వస్తాయా?"
వస్తాయన్నాను.
"ఎంత?"
పోయినసారి ధరే చెప్పాను.
"అన్నీ పెరిగాయి, నువ్వెందుకు పెరగలేదు?" అని
విసుక్కుంటూ ఇంకో నోటు కలిపి ఇచ్చింది.

గేటు లేచింది.
బూటు తుడుచుకోలేదు నేను.
మూల తిరిగేసరికి నాలుగు చినుకులు.
ఎర్సీలియా కిటికీలోంచి చెయ్యి ఊపింది,
గెలిచినట్టు.